బడికి బెంచీలు ఇస్తే కంపెనీ బాధ్యత తీరినట్టేనా?

జడ్చర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీ బడికి బెంచీలు ఇచ్చిందట, మరి వాగులోకి వదిలే నీళ్ల సంగతేంటని అడిగారు. రెండూ వేర్వేరు లెక్కలు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. చుట్టుపక్కల ఊళ్లకే ప్రాధాన్యం ఇమ్మని కూడా అందులో ఉంది. బెంచీలు, నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు ఈ ఖాతాలోవి.

వ్యర్థజలాల శుద్ధి అలా కాదు. 1974 నీటి కాలుష్య చట్టం కింద అది తప్పనిసరి, దాతృత్వం కాదు. నన్నడిగితే యాజమాన్యం నిజాయితీ తెలిసేది ఇక్కడే. సీఎస్ఆర్ లెక్కలు కంపెనీ వార్షిక నివేదికలో ఉంటాయి, చూడండి. వాగు గురించైతే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.