బిట్‌కాయిన్ దాచుకోవడానికి ఏ వాలెట్ మంచిది? టెక్నికల్ విషయాలు తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలరా?

సార్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు రిటైరైన టీచర్, ఉండేది హనుమకొండ. మీ అబ్బాయి చెబితే ఒక ఎక్స్ఛేంజ్‌లో, అంటే క్రిప్టో కాయిన్లు కొని అమ్మే కంపెనీ యాప్‌లో, లక్షన్నర దాకా పెట్టి బిట్‌కాయిన్, కొంత ఈథర్ అనే ఇంకో కాయిన్ కొన్నారు. 2024లో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్‌ను హ్యాక్ చేసిన సంగతి పేపర్లో చదివిన దగ్గర్నుంచి టెన్షన్ పట్టుకుంది. సొంత వాలెట్‌లోకి మార్చుకోమని అబ్బాయి అంటున్నాడు. ఒకరు మెటామాస్క్ అంటే, ఒకరు ట్రస్ట్ వాలెట్ అంటున్నారు, ఇంకొకరు లెడ్జర్ కొనమంటున్నారు.

నాది ఇక్కడే చౌరస్తా దగ్గర మొబైల్ రిపేర్ షాపు. నేను ఇన్వెస్ట్‌మెంట్ సలహాలు ఇచ్చేవాణ్ని కాను. బిట్‌కాయిన్ కొనాలా వద్దా అనే దాని జోలికి పోను. కానీ వాలెట్ ఉన్న ఫోన్లు పాడైపోయి నా టేబుల్ మీదికి వస్తాయి. అక్కడ చూసింది చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. మీ కాయిన్లు ఫోన్‌లో ఉండవు. వేల కంప్యూటర్లలో ఒకే లెక్క పుస్తకం నడుస్తూ ఉంటుంది, ఏ అడ్రస్‌లో, అంటే అకౌంట్ నంబరు లాంటి దాంట్లో, ఎంత ఉందో అందులో రాసి ఉంటుంది. వాలెట్ యాప్ దగ్గర ఉండేది ఆ అడ్రస్ నుంచి డబ్బు కదిలించడానికి సంతకం చేసే రహస్య సంఖ్య. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. అంత పెద్ద సంఖ్యను మనుషులు తప్పు లేకుండా రాసుకోలేరు కాబట్టి 2013లో 2048 ఇంగ్లిష్ మాటల జాబితా ఒకటి తయారుచేశారు. చాలా వాలెట్లు అందులోంచి 12 మాటలు, కొన్ని 24 మాటలు వరుసగా ఇస్తాయి. ఆ మాటలు ఉంటే ఫోన్ పగిలినా, పోయినా, కొత్త ఫోన్‌లో అంతా తిరిగి వస్తుంది. పట్టాదారు పాసుబుక్ పోతే భూమి పోదు కదా, అలాగే. కాకపోతే పాసుబుక్ పోతే తహసీల్ ఆఫీసుకు వెళ్లి మళ్లీ తీసుకోవచ్చు. ఈ మాటలు పోతే వెళ్లి అడగడానికి ఆఫీసు లేదు.

ఎక్స్ఛేంజ్‌లో ఉంచడం అంటే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి డబ్బు అడ్తిదారు దగ్గరే వదిలేసి రావడం లాంటిది. ఆయన పుస్తకంలో మన పేరు మీద రాసి ఉంటుంది, అడిగినప్పుడు ఇస్తాడు. ఆయనకు ఏమైనా అయితే మనం లైన్‌లో నిలబడాలి. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు హ్యాకర్లు పట్టుకుపోయారు, అంటే దాదాపు రెండు వేల కోట్ల రూపాయలు. పాస్‌వర్డ్ జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్లు కూడా తమ కాయిన్ల కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. కాబట్టి మీ భయం ఉత్త భయం కాదు.

అయితే సొంత వాలెట్‌లో కూడా డబ్బు పోతుంది. ఒకసారి నా చేతుల మీదుగానే పోయింది. ఒకాయన ఫోన్ స్టార్ట్ అవుతూ ఆగిపోతుంటే తెచ్చాడు. ఫార్మాట్ చేయక తప్పదన్నాను. బ్యాకప్ ఉందా అని అడిగితే ఫోటోలన్నీ మెయిల్‌లో ఉన్నాయి, చేసేయండి అన్నాడు. చేసేశాను. సాయంత్రం ఫోన్ తీసుకుని వెళ్లినవాడు గంటలో తిరిగి వచ్చాడు. వాలెట్ యాప్ మళ్లీ వేస్తే 12 మాటలు అడుగుతోంది. యాప్ మొదటిసారి చూపించినప్పుడు 'తర్వాత' అని నొక్కేశాడట, ఎక్కడా రాసుకోలేదు. ఆ అడ్రస్‌లో అతని డబ్బు ఇప్పటికీ కనిపిస్తుంది, ఎవరైనా చూడవచ్చు, తీసుకోవడం మాత్రం ఎవరి వల్లా కాదు. ఆయన ఏమీ అనకుండా స్టూల్ మీద కూర్చున్న ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేదు. ఆ రోజు నుంచి ఏ ఫోన్ ఫార్మాట్ చేయాలన్నా ముందు వాలెట్ యాప్ ఉందా అని అడుగుతున్నాను.

అందుకే ఏ యాప్ అన్నదానికంటే ముందు, ఆ 12 మాటలు మీ ఇంట్లో ఎవరు రాస్తారు, ఎక్కడ పెడతారు, మీకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు తీస్తారు అన్నది తేల్చుకోండి.

పరకాలలో మా బావకు ఎరువుల దుకాణం ఉంది. 2021లో ఆయనకు వాలెట్ నేనే వేసి ఇచ్చాను, మాటలు కాగితం మీద రాసుకోమన్నాను. రాసుకున్నాడు, తెలుగులో. ఆయన లెక్కల పుస్తకమంతా తెలుగే, ఇదీ అలాగే రాశాడు. తర్వాత ఫోన్ నీళ్ల ట్యాంకులో పడి బోర్డు పోయింది. కాగితం తెచ్చి ఇస్తే అందులో ఒకచోట 'రైట్' అని ఉంది, ఇంకోచోట 'పీస్' అని ఉంది. ఆ 2048 మాటల్లో రైట్ అని పలికేవి రెండు ఉన్నాయి: కుడి అనే అర్థం ఉన్నదీ, రాయడం అనే అర్థం ఉన్నదీ. పీస్ కూడా రెండు: శాంతి, ముక్క. నాలుగు రకాలుగా కలిపి చూశాం. చివరి మాటలోనే తప్పు పట్టుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి మూడింటిని యాప్ ఒప్పుకోలేదు, నాలుగోది తెరుచుకుంది. అక్క పక్కనే నిలబడి దేవుడికి మొక్కుతోంది. ఇంకో రెండు మూడు మాటలు అలాంటివే ఉంటే ఇంకెంత సేపు పట్టేదో.

మీరు టీచర్ కాబట్టి ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, ఒక్కో మాటకు నంబరు వేసి రాస్తారని నాకు నమ్మకం ఉంది. పెన్సిల్‌తో రాయండి, తడిసినా సిరాలా కారిపోదు. రెండు కాపీలు రాసి వేరువేరు చోట్ల పెట్టండి. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. ఒకటి జిప్ కవర్‌లో పెట్టి బీరువా పై అరలో, ఇంకొకటి బ్యాంక్ లాకర్‌లో ఉంటే చాలు. జిరాక్స్ తీయించొద్దు, బయట లామినేషన్ చేయించొద్దు. ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. గ్యాలరీలో పడిన ఫోటో మీకు తెలియకుండానే మెయిల్ అకౌంట్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. ఫోటోల్లో ఇలాంటి మాటలు వెతికే దొంగ యాప్‌లు నిజంగానే ఉన్నాయి.

ఇప్పుడు యాప్‌ల సంగతి. మెటామాస్క్ 2016లో ఈథీరియం కోసం, అంటే ఈథర్ నడిచే నెట్‌వర్క్ కోసం పుట్టింది. రకరకాల వెబ్‌సైట్లకు కనెక్ట్ అవ్వడం దాని బలం, మీలాంటివారికి అదే ప్రమాదం. ఏదో సైట్‌లో అర్థం కాకుండా 'అప్రూవ్' నొక్కితే ఆ సైట్ మీ వాలెట్‌లోని టోకెన్లు (ఈథీరియం మీద నడిచే కాయిన్లు) తీసుకోవడానికి మీరే అనుమతి ఇచ్చినట్టు. మీకు దాని అవసరం లేదు. ఎలక్ట్రమ్ 2011 నుంచి ఉన్న మంచి ప్రోగ్రామ్, కానీ బిట్‌కాయిన్‌కు మాత్రమే. దాని మాటల పద్ధతి కూడా వేరు, ఆ మాటలు నేరుగా వేరే యాప్‌లో పనిచేయవు. ఇంట్లో వాళ్లకు అది గందరగోళం. ట్రస్ట్ వాలెట్‌లో బిట్‌కాయిన్, ఈథర్ రెండూ ఒకేచోట ఉంటాయి, కాబట్టి మీ అవసరానికి సరిపోతుంది.

లెడ్జర్, ట్రెజర్ లాంటివి చిన్న పరికరాలు. ట్రెజర్ 2014లో వచ్చింది. వీటిలో కీ ఎప్పుడూ పరికరం దాటి బయటికి రాదు. ఫోన్‌లో వైరస్ ఉన్నా, పరికరం స్క్రీన్ మీద అడ్రస్ చూసి మీరు బటన్ నొక్కితేనే డబ్బు కదులుతుంది. అన్నిటికంటే భద్రం ఇదే. కానీ కొన్ని వేలు పెట్టాలి, ఇంకో వస్తువు నేర్చుకోవాలి. మీ మొత్తం నాలుగైదు లక్షలు దాటితే కొనండి, కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే కొనండి. సెకండ్ హ్యాండ్ వద్దు. ముందే మాటలు రాసి ఉన్న కార్డు డబ్బాలో కనిపిస్తే అది దొంగ సరుకు, ఆ మాటలు వాళ్ల దగ్గరా ఉంటాయి.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఏదైనా ఇంకా అప్‌డేట్లు వస్తూ ఉంటే దాన్ని పూర్తిగా ఫార్మాట్ చేసి, సిమ్ లేకుండా, వాలెట్ తప్ప మరే యాప్ వేయకుండా ఉంచుతాను. యాప్‌ను గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో నకిలీవి తగులుతాయి, అందుకని కంపెనీ సైట్‌లో ఉన్న లింక్ నుంచే దించుకుంటాను. మొదట చిన్న మొత్తమే పంపి చూస్తాను. అడ్రస్ కాపీ చేసి పేస్ట్ చేశాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు సరిచూస్తాను, మధ్యలో అడ్రస్ మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. బిట్‌కాయిన్ అడ్రస్ 1, 3 లేదా bc1తో మొదలవుతుంది, ఈథీరియంది 0xతో. పంపేటప్పుడు నెట్‌వర్క్ పేరు అడిగితే అబ్బాయిని ఫోన్‌లో ఉంచుకుని ఎంచుకోండి.

టాక్స్ గురించి ఒక్క మాట. లాభం మీద 30 శాతం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది, అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జూలై 1 నుంచి. మీ డబ్బును మీ వాలెట్‌కే మార్చుకోవడం అమ్మకం కాదు, కానీ కొన్న ధర తెలిపే స్టేట్‌మెంట్లు ఎక్స్ఛేంజ్ నుంచి ఇప్పుడే దించి పెట్టుకోండి.

ఇంకో సంగతి. వాలెట్‌లో ఏ ఇబ్బంది వచ్చినా టెలిగ్రామ్‌లో 'సపోర్ట్' అంటూ ఎవరో పలకరిస్తారు. మా షాపుకు వచ్చే ఒకతను అలాంటి లింక్‌లో 12 మాటలు టైప్ చేశాడు, పది నిమిషాల్లో వాలెట్ ఖాళీ. ఏ కంపెనీ వాళ్లూ ఆ మాటలు అడగరు. నేనూ అడగను. సాయం కోసం షాపుకు రండి, ఆ కాగితం మాత్రం ఇంట్లోనే వదిలి రండి. ఒకవేళ మోసపోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇదంతా చేసే ఓపిక ఇప్పుడు లేకపోతే, ఎక్స్ఛేంజ్‌లోనే ఇంకొన్నాళ్లు ఉంచండి, తప్పు లేదు. ఆ ఎక్స్ఛేంజ్ ఎఫ్ఐయూలో (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగంలో) రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి, ఎస్ఎంఎస్ ఓటీపీ బదులు ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. సగం నేర్చుకుని సొంత వాలెట్‌కు మారడం కంటే అది నయం.

మారేటట్టయితే అసలు మొత్తం పంపకముందు ఒక పని చేయండి. ఆ చిన్న మొత్తం మాత్రమే ఉండగా యాప్ తీసేసి, కాగితం చూసి మళ్లీ తెరవండి. మీరు కాదు, మేడమ్ గారితో తెరిపించండి. మా బావ ఇంట్లో కొత్త కాగితం మా మేనకోడలు రాసింది, అప్పుడు ఇంటర్ సెకండియర్. నేనూ బావా బయట అరుగు మీద కూర్చున్నాం, లోపల తను ఒక్కతే యాప్ తీసేసి మాటలు కొట్టి తెరిచింది. అది చూశాకే మిగతాది అందులోకి పంపాం.