కుంటను బోడి చేయవద్దు

చిరంజీవి పెంచలయ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఊళ్లో కుర్రాళ్లంతా కలిసి మన కుంట బాగుచేయబోతున్నారనీ, పొక్లెయిన్ పెట్టి జమ్ము, తుంగ, నాచు (నీటి లోపల వేరూని పెరిగే మొక్కలు), తామర అన్నీ ఊడ్చి అద్దంలా తయారుచేస్తామనీ రాశావు. పూడిక తీయాల్సిందే, కాదనను. ఆ అద్దం మాట మాత్రం మానుకోండి. గుర్రపుడెక్కను మాత్రం ముక్క మిగలకుండా లాగి దూరంగా ఎండబెట్టండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క, అన్నీ కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని విషయంలో జాలి అక్కర్లేదు.

మన నెల్లూరు నీటి తీరు నీకు తెలియనిది కాదు. కార్తీకంలో వాయుగుండం పడితే రాత్రికి రాత్రే కలుజు, అంటే మిగులు నీరు పోయే దారి, పారుతుంది. మే నెలకు అడుగు నెర్రెలిస్తుంది. మునకనూ, ఎండనూ, ఈదురుగాలినీ ఒంటరిగా తట్టుకోగల నీటిమొక్కలు తక్కువ. అంచున జమ్ము గుబురుగా ఉంటే గాలికి లేచే అల అక్కడే విరుగుతుంది. అల విరిగితే బురద కిందకు దిగి నీళ్లు తేరుకుంటాయి, లోపలి నాచుకు వెలుతురు అందుతుంది. ఆ నాచు మళ్లీ బురద లేవకుండా పట్టి ఉంచుతుంది. జమ్మును మొదలంటా పీకిన కుంటలో ఏడాది పొడవునా ఎర్రనీళ్లే కనిపిస్తాయి.

బురద లోపల జరిగేది ఇంకా పెద్ద పని. నీటి అడుగు మట్టిలో గాలి ఉండదు. తవ్వితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుందే, అది వేళ్లకు విషం. జమ్ము ఆకుల నుంచి గాలి వేళ్ల దాకా దిగి, కొంత చుట్టూ ఉన్న మట్టిలోకి కారి ఆ విషాన్ని విరిచేస్తుంది. గుబురులో పక్కనున్న మొక్క కూడా ఆ మేలు పొందుతుంది. తామరదీ దాదాపు అదే పద్ధతి: ఆకులు గాలిని లోపలికి తోస్తే, అది దుంప దాకా దిగి, తిరిగి ఆకుల నడిబొడ్డు నుంచి బయటకు పోతుంది. పూజకని ఆకులన్నీ ఒకేసారి కోయనివ్వకు.

అందుకే కొడవలి పట్టే మనుషులకు ఒక సంగతి గట్టిగా చెప్పు. నీటిపైన మిగిలిన మోడు జమ్ముకు ముక్కు లాంటిది. ఉంచదలచిన చోట నీటిమట్టానికి పైన కోయాలి. వద్దనుకున్న చోట నీటి లోపలికి కోసి వదిలేస్తే ఊపిరాడక అదే కుళ్లిపోతుంది, పీకే కూలి మిగులుతుంది. జమ్ముకూ అత్యాశ ఎక్కువే. లోతు తక్కువైతే కుంటంతా ఆక్రమిస్తుంది, కాబట్టి మధ్యలో మడుగు ఉంచి తవ్వించు.

పూడిక ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం తీయండి. నాచు గడ్డలూ, తామర దుంపలూ వేసవిని ఆ పైమట్టిలోనే దాటేస్తాయి. మొత్తం గీకేస్తే మళ్లీ మొలవడానికి ఏమీ ఉండదు. తామర గింజ మాత్రం మొండిది. చైనాలో ఎండిన చెరువు అడుగున దొరికిన, సుమారు 1300 ఏళ్ల నాటి గింజ కూడా మొలకెత్తింది!

కొత్తగా నాటేది ఆగస్టులో, బురద తడిగా ఉండగానే నాటితే పెద్ద వానల లోపు వేరు పడుతుంది. వరసలు తీర్చి ఒక్కొక్కటీ గుచ్చవద్దు. మట్టిగడ్డతో సహా తెచ్చి గుత్తులుగా, దగ్గర దగ్గరగా పెట్టండి. తామర దుంప కొసమొలక విరిగితే ఆ దుంప దండగ.

గడ్డిచేప పిల్లలు వదలమని ఎవరైనా అంటే వినకు, నాచంతా మేసేస్తుంది. బంగారుతీగ చేప అడుగు కెలికి వేళ్లు లేపుతుంది. రొయ్యల గుంటల ఉప్పునీరు కుంటలోకి రాకుండా ముందే అడ్డుకట్ట వేయించు. ఎంత గుంపుగా ఉన్నా తామర ఆ ఉప్పుకు నిలవదు. తూము పక్కన బర్రెలు దిగేందుకు ఒక రేవు వదులు, లేకపోతే అవి మీరు నాటిన చోటే దారి చేసుకుంటాయి.

పొక్లెయిన్ వాడితో మాట్లాడేటప్పుడు పడమటి సగం వరకే బేరం కుదుర్చుకో.

మీ పెదనాన్న