టైమింగ్ చైన్ ఒక్కటే మారిస్తే సరిపోదు తమ్ముడూ

స్విఫ్ట్ పెట్రోల్ 1.1 లక్షల కిలోమీటర్లు తిరిగింది, పవర్ కోసం కొత్త క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులను తెరిచే ఇరుసు) వేయిస్తున్నావు. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు గలగలమంటోంది. మెకానిక్ ఏమో "టైమింగ్ చైన్ మారిస్తే చాలు" అంటున్నాడు. ఇదే కదా నీ టెన్షన్? ఆయన మాట వినకు.

టైమింగ్ చైన్ అంటే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) నుంచి క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు. అది తెగడం అరుదు. లింకుల పిన్నులు అరిగి సాగుతుంది. అప్పుడు క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే సమయం, వెనకబడుతుంది, వేలు పోసి కొన్న క్యామ్ లాభం అక్కడే పోతుంది. ఆ గలగల ఎక్కువగా చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్‌ది. రాత్రి అందులోని ఆయిల్ దిగిపోతే, ప్రెషర్ వచ్చేదాకా చైన్ గైడుకు (చైన్ జారే పట్టీకి) కొట్టుకుంటుంది. అందుకే చైన్, టెన్షనర్, గైడులు, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) అన్నీ ఒకేసారి మార్పించు. ఇంజన్ ముందువైపు కవర్ ఎలాగూ విప్పుతారు, క్రాంక్ ఆయిల్ సీల్ కూడా వేయించెయ్. నేను హన్మకొండలో ఒక షెడ్డులో చైన్ ఒక్కటే వేయించుకుని, ఆరు నెలలకు మళ్లీ అదే కూలి కట్టాను.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు. చైన్‌లోని రంగు లింకులు స్ప్రాకెట్ల గుర్తులకు ఎదురుగా కూర్చోవాలి. టెన్షనర్‌ను నొక్కి ఉంచే పిన్ను లాగాక వెంటనే సెల్ఫ్ కొట్టనివ్వకు. పానా పెట్టి క్రాంకును ఇంజన్ తిరిగే వైపే రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పించు. స్ప్రాకెట్ల గుర్తులు మళ్లీ కలవాలి. రంగు లింకులు మాత్రం కలవవు, కంగారు పడకు. మధ్యలో టక్కున ఆగితే బలవంతం చేయొద్దు, వాల్వు పిస్టన్‌కు తగులుతుండవచ్చు. లిఫ్ట్ ఎక్కువున్న, అంటే వాల్వును ఎక్కువగా తెరిచే, క్యామ్‌తో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కవర్‌కు పూసిన గ్యాస్కెట్ పేస్టు ఆరేదాకా ఆయిల్ పోయించకు. రాత్రికే బండి కావాలని తొందరపెట్టావో, కాజీపేట దాటకముందే కారుతుంది.