సార్డీన్లతో డౌరో రెడ్ తాగితే నోట్లో ఇనుప రుచి: సమాధానం

మీ బాటిల్ పాడై ఉండదు. లిస్బన్‌లో నిప్పుల మీద కాల్చిన సార్డీన్లతో (నూనె ఎక్కువుండే చిన్న సముద్రపు చేపలు) డౌరో రెడ్ (పోర్చుగల్‌లోని డౌరో లోయ ఎర్ర వైన్) తాగితే ఇనుప మేకు చప్పరించినట్టుందన్నారు కదా, వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిస్తే వచ్చే రుచి అది. డౌరో రెడ్‌కి వగరు కూడా ఎక్కువే.

1. సార్డీన్లకి ఉత్తర పోర్చుగల్‌లోని మిన్యో ప్రాంతపు ఎర్ర వైన్, ఎర్ర వీన్యో వెర్దే తెచ్చుకోండి. రంగు నేరేడుపండు రసంలా ఉంటుంది. పులుపు గట్టిగా ఉండి చేప జిడ్డుని విరిచేస్తుంది.

2. అందరూ వదిలేసేది చల్లదనం. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట ఆగస్టు నెల లిస్బన్‌కి అస్సలు పనికిరాదు. వీన్యో వెర్దే బాటిల్‌ని రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి, 12–14 డిగ్రీలకి రావాలి. బయటికి తీసిన కాసేపటికే గాజు మీద సన్నగా చెమ్మ పట్టాలి. ఇది చేయకపోతే మంచి వైన్ కూడా గొంతులో మంటగా దిగుతుంది.

3. మిగిలిన డౌరో బాటిల్ పారబోయకండి, ప్రాణం ఉసూరుమంటుంది! కాల్చిన మేకపిల్ల మాంసానికి దాన్ని మించింది లేదు. ముప్పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, జగ్గులోకి ఒంపి, 16–18 డిగ్రీల దగ్గర తాగండి.