వెల్లుల్లి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుందా?

కూరల్లో, పచ్చళ్లలో తినే మోతాదుకైతే ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఒలిచిన రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన ఉండదు. రోట్లో వేసి ఒక్క దెబ్బ కొట్టండి, ఘాటు గుప్పుమంటుంది. కణాలు చితకగానే అల్లీన్ అనే పదార్థం మీద అల్లినేజ్ అనే ఎంజైమ్ పనిచేసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో కావల్లిటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. అల్లిసిన్ బ్యాక్టీరియా ఎంజైముల్లోని గంధకపు భాగాలకు అతుక్కుని వాటి పని ఆపేస్తుంది. దీనికి మంచీ చెడూ తేడా తెలియదు. ల్యాబ్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో పాటు పేగులకు మేలు చేసే బిఫిడోబ్యాక్టీరియా కూడా దెబ్బతింటాయి. మరో మంచి రకం లాక్టోబాసిల్లస్ కాస్త గట్టివి, తట్టుకుంటాయి.

కానీ ల్యాబ్ వేరు, పొట్ట వేరు. అల్లిసిన్‌కు నిలకడ తక్కువ, పెద్దపేగు చేరేలోపే మారిపోతుంది. రెబ్బల్ని చితక్కుండా నూనెలో వేయిస్తే వేడికి ఎంజైమే పాడై, అది పుట్టడమే తగ్గిపోతుంది. చివరిదాకా చేరేది ఫ్రక్టాన్లనే పీచు. అది మనకు అరగదు, బిఫిడోబ్యాక్టీరియాకు మాత్రం మంచి మేత. ఆ బ్యాక్టీరియా విందులో పుట్టే ఆమ్లాలు హానికర క్రిములకు పడవు. ఐబీఎస్ (పేగుల పనితీరు గాడితప్పే సమస్య) ఉన్నవాళ్లకు వెల్లుల్లితో కడుపు ఉబ్బరించేది కూడా ఈ ఫ్రక్టాన్ల వల్లే.

అల్సర్ తెచ్చే హెలికోబాక్టర్ పైలోరిని వెల్లుల్లి ల్యాబ్‌లో చంపింది, మనుషుల్లో ఆ ఫలితం రాలేదు. దాని కోసం డాక్టరు రాసిన కోర్సు మానేసి పచ్చి రెబ్బలు మింగకండి.