ఆటలంటే ప్రాణం, చదివేది జర్నలిజం: డిజిటల్ మీడియా పని ఎక్కడ మొదలుపెట్టాలి?

"జర్నలిజంలో చేరాను. ఆటలంటే పిచ్చి. ఇప్పుడు వీడియో ఎడిటింగ్, డేటా, సోషల్ మీడియా అన్నీ రావాలంటున్నారు. ఏ కోర్సు తీసుకోవాలి? ఈ ఆటల పిచ్చి దేనికైనా పనికొస్తుందా?" అని అడిగారు.

కోర్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ ఆటతోనే మొదలుపెట్టండి. నేను హైదరాబాద్‌లో జర్నలిజం పీజీ చేస్తున్నాను. ఇవాళ నా చేతిలో ఉన్న పనంతా కబడ్డీ వల్లే వచ్చింది.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. మా మేనమామ కుర్రతనంలో చెడుగుడు బాగా ఆడేవాడు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు నేను ఆరో తరగతి. తెలుగు టైటాన్స్ మ్యాచ్ ఉందంటే మావయ్య నన్ను టీవీ ముందు పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "చేతుల వంక చూడకే, కాళ్లు చూడు. కూతకొచ్చినవాడు ఎటు తిరుగుతాడో కాలు ముందే చెప్పేస్తుంది" అనేవాడు. మీకూ మీ ఆటలో ఇలాంటి చూపు ఏదో ఉండే ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునేటప్పుడు దాంతో ఏం చెప్పాలో తెలియక సగం మంది మధ్యలో వదిలేస్తారు. అభిమానికి ఆ ఇబ్బంది ఉండదు. చెప్పాల్సింది కడుపులోనే ఉంటుంది.

టైటాన్స్‌ని నమ్ముకోవడం తేలికేం కాదు. 8, 9, 10 సీజన్లలో వరుసగా మూడుసార్లు పట్టికలో అట్టడుగున నిలిచారు. పదో సీజన్‌కి కూతకెళ్లే ఆటగాడు (రైడర్) పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. లీగ్‌లో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. అయినా 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడాది. మా స్నేహితులందరిదీ ఒకటే మాట: "పవన్ ఆడుతున్నాడు, మిగతావాళ్లు ముంచుతున్నారు." ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలనిపించి గూగుల్ షీట్స్ తెరిచాను. అంతకుముందు దాన్ని హాస్టల్ మెస్ లెక్కలకు తప్ప వాడింది లేదు.

ఒక్కో రైడ్‌కి, అంటే ఒక్కో కూతకి, షీట్‌లో ఒక్కో వరుస. నిమిషం, కూతకెళ్లింది ఎవరు, వచ్చిన పాయింట్లు, డూ ఆర్ డై రైడా (పాయింటు తేకపోతే అవుటయ్యే రైడ్) కాదా, ఆ సమయానికి పవన్ లోపల ఉన్నాడా బయట ఉన్నాడా. మా ఊళ్లో అవుటైనవాణ్ని చచ్చాడంటారు, తోటివాడు పాయింటు తెస్తే బతికించాడంటారు. ప్రో కబడ్డీలోనూ లెక్క అదే. బయటికెళ్లినవాడు తిరిగి రావాలంటే మిగతావాళ్లు అవతలివాళ్లను అవుట్ చేయాలి, గీత దాటినందుకు వచ్చే బోనస్ పాయింట్లు తెచ్చినా వాడు బతకడు. రైడ్‌కి 30 సెకన్లే కాబట్టి 40 నిమిషాల ఆటలో వరుసలు గబగబా నిండుతాయి. ఆపుతూ వెనక్కి తిప్పుతూ ఒక్క మ్యాచ్ రాయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంటిఫ్ సూత్రం, వరుసలన్నిటినీ చిన్న పట్టికగా కూర్చే పివట్ టేబుల్ ఆ మూడు సాయంత్రాల్లోనే వచ్చేశాయి. అప్పటికి రెండుసార్లు క్లాసులో విన్నా ఎక్కలేదు.

తీరా చూస్తే ప్రశ్నే మారిపోయింది. ఎవరు ముంచుతున్నారన్నది కాదు, పవన్ బయటికెళ్లాక అతన్ని లోపలికి తేవడానికి జట్టుకి ఎంతసేపు పడుతోందన్నది అసలు సంగతి. నేను లెక్కేసిన మ్యాచ్‌లో ఆ సమయం నేను ఊహించినదానికంటే చాలా ఎక్కువ. దాన్ని డేటారాపర్ అనే చార్టులు గీసే వెబ్‌సైట్‌లో చిన్న చార్ట్‌గా గీశాను. ఉచితంగానే వాడుకోవచ్చు, ఖాతా తెరిచిన గంటలో పని తెలిసిపోతుంది. కబడ్డీ తెలియని మా రూమ్మేట్ ఆ చార్ట్ చూసి "అంటే ఇతను బయటుంటే ఆట ఆగిపోతోందన్నమాట" అంది. నాకు అంతకంటే ఏం కావాలి!

చార్ట్‌కి తోడుగా ఒక కథనం రాసి మా సార్‌కి ఇచ్చాను. ఎర్ర పెన్నుతో పదకొండు చోట్ల సున్నాలు చుట్టి ఇచ్చారు. అన్నీ ఒకే మాట మీద: "మనవాళ్లు". కింద ఒకే వాక్యం రాశారు: "ఈ మనవాళ్లు ఎవరమ్మా? హర్యానా పాఠకుడికి చెప్పు." ఆ రాత్రి కూర్చుని ప్రతి చోటా టైటాన్స్ అని మార్చాను. మార్చుతుంటే తెలిసింది, మనవాళ్లు అని రాసిన ప్రతి వాక్యంలోనూ రిఫరీ మీదో అదృష్టం మీదో ఒక నింద కూడా ఉంది. పేరు పెట్టి రాసేసరికి ఆ నిందలకు ఆధారం లేదని కనిపించి నాలుగు వాక్యాలు కొట్టేశాను. అభిమానం వదులుకోమని ఎవరైనా చెబితే వినకండి. నేను ఇప్పటికీ మ్యాచ్ ఓడితే అన్నం సరిగా తినలేను. రాసేటప్పుడు మాత్రం ఆ ఒక్క మాట దగ్గర ఆగుతాను.

వీడియో సంగతికొస్తే, టీవీలో వచ్చిన మ్యాచ్ ముక్కలు కత్తిరించి పెట్టకండి. ప్రసార హక్కులు వేరేవాళ్లవి. నేను పెట్టిన మొదటి రెండు క్లిప్పులూ కాపీరైట్ ఫిర్యాదుతో పోయాయి, ఖాతా కూడా పోతుందేమోనని వారం రోజులు టెన్షన్ పడ్డాను. అదీ ఒకందుకు మంచిదే అయింది. నా సొంత వీడియో నేను తీయక తప్పలేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు స్కూలు మైదానంలో ఫ్లడ్‌లైట్ల కింద పోటీలు జరుగుతున్నాయి. ఫోన్ పట్టుకుని కోర్టు మూల దగ్గర నిలబడ్డాను. తీసిందంతా రాత్రి చూసుకుంటే నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలాంటి లైట్ల కింద షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే చాలావరకు పోతాయని ఆ రాత్రే వెతుక్కుని తెలుసుకున్నాను. మామూలు కెమెరా యాప్‌లో కుదరకపోతే ప్రో మోడ్‌లో ఉంటుంది. మర్నాడు అలాగే పెట్టి, వెలుగు మాటిమాటికీ మారకుండా ఎక్స్‌పోజర్ లాక్ చేశాను. గాలి చప్పుడుకి ఇయర్‌ఫోన్ మైక్‌ని చేతిరుమాల్లో చుట్టాను. మైకులో అనౌన్సర్ గోల ఉన్నా రైడర్ కూత మాత్రం వినపడింది. కూత వినపడకపోతే అది కబడ్డీయే కాదు.

మొత్తం 14 నిమిషాలు తీశాను, చివరికి ఉంచింది 58 సెకన్లు. డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఫ్రేమ్‌ని ఫోన్‌కి సరిపోయే నిలువు కొలతకి (9:16) కోసేటప్పుడు ఎవరి మీద ఉంచాలో తేలలేదు. రైడర్ మీద ఉంచితే అతన్ని పట్టడానికి మూలన నిలబడ్డ డిఫెండర్ పోతాడు. మావయ్య మాట గుర్తొచ్చి కాళ్ల మీద ఉంచాను. రైడర్ మడమ గీత దాటబోతుండగా రెండు చేతులు వచ్చి పట్టుకున్న క్షణాన్ని మొదట్లోనే పెట్టి, అతను అక్కడిదాకా ఎలా వచ్చాడో తర్వాత చూపించాను.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది, కోర్సుల్లో దీని గురించి నాకెవరూ చెప్పలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో సబ్‌టైటిల్ పెడితే ఒత్తులు విడిపోతాయి. డీటీపీ (అచ్చు కోసం టైప్ చేసే) వాళ్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టి ఇచ్చిన వార్తను అలాగే వెబ్‌లో అతికిస్తే అక్షరం ముక్క అర్థం కాదు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతిలోకి, మార్చాలి. మార్చాక కూడా ఒక్కో వాక్యం చదువుకోవాలి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. తెలుగు అక్షరాలను నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. మొదటి రెండు వారాలు విసుగొస్తుంది, తర్వాత మీ చేతులు మీ ఆలోచనతో సమానంగా నడుస్తాయి. ఒక తెలుగు డెస్క్‌లో ఇంటర్న్‌షిప్‌కి నన్ను తీసుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఒక్క తప్పు మాత్రం మీరు చేయకండి. ఒక ఆటగాడికి మోకాలు దెబ్బ తగిలిందని ఫొటోతో సహా వాట్సాప్‌లో వస్తే ఆత్రం ఆపుకోలేక నా పేజీలో పెట్టేశాను. ఆ ఫొటో రెండేళ్ల కిందటిది. ఇరవై నిమిషాల్లో ఎవరో చెప్పారు గానీ, అప్పటికే చాలామంది పంచుకున్నారు. తీసేసి ఊరుకోకుండా తప్పు జరిగిందని విడిగా రాశాను. అప్పటి నుంచి ఏ ఫొటో వచ్చినా, ఫొటోతోనే నెట్‌లో వెతికే గూగుల్ లెన్స్‌లో వేసి, అది మొదట ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో చూశాకే ముట్టుకుంటాను. ఆటగాడు మనకిష్టమైనవాడైతే ఇంకో పది నిమిషాలు ఎక్కువ వెతకాలి, ఎందుకంటే ఆత్రం అక్కడే ఎక్కువ.

సంక్రాంతి వీడియో మా ఊళ్లో అందరి ఫోన్లలోకీ వెళ్లింది. మావయ్యకి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. "బాగుందే. కూతకెళ్లిన కుర్రాడి పేరు వేశావు. మరి వాణ్ని పట్టినవాడి పేరేదీ?" అన్నాడు. నా దగ్గర లేదు. తిరిగి మూడు ఫోన్లు చేసి ఆ మూల డిఫెండర్ ఎవరో కనుక్కుని, పేరు జతచేసి వీడియో మళ్లీ పెట్టాను.