పబ్లిక్ పాలసీలో లెక్చరర్ కావాలంటే ఢిల్లీ వెళ్లాలా? ముందు విజయవాడ సింగ్‌నగర్ వెళ్లండి

ప్రశ్న: "గుంటూరులో ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. పబ్లిక్ పాలసీ (ప్రభుత్వ విధానాల అధ్యయనం), పట్టణ ప్రణాళికల్లో పీహెచ్‌డీ చేసి అధ్యాపకురాలిగా స్థిరపడాలని ఉంది. ఇక్కడే ఉంటే కుదురుతుందా, ఢిల్లీయో బెంగళూరో వెళ్లక తప్పదా? ఇంట్లో మాత్రం సివిల్స్ రాయమంటున్నారు."

కుదురుతుంది. బయటికి వెళ్లినా నష్టమేమీ లేదు. కానీ పరిశోధన అంశాన్ని మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. నేను గుంటూరులో పెరిగి, బెంగళూరులో చదువుకుని, విజయవాడలో ఒక కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతున్నాను. బెంగళూరులో నేర్చుకున్నది తక్కువేమీ కాదు. అయినా నా పనిలో నిలబడిన ప్రశ్నలన్నీ కృష్ణకు ఇటూ అటూ ఉన్న వీధుల్లోనే దొరికాయి.

ముందు మీ ఇంట్లోవాళ్లు అడిగే లెక్కలు చెప్పేస్తాను. అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో పబ్లిక్ పాలసీ పేరుతో విడిగా పేపరు లేదు కాబట్టి మీరు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లోనే రాస్తారు. అందులో పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. ఇదంతా పోస్టు చేతికొచ్చాక సంగతి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి కదలక, పీహెచ్‌డీ పూర్తిచేసిన ఎంతోమంది గెస్టు, కాంట్రాక్టు పేరుతోనే పాఠాలు చెబుతున్నారు. ఇది తెలిసే దిగండి. మీ ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో కావడం ఒక రకంగా మంచిదే. పబ్లిక్ పాలసీ అనే పేరుతో డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకు, అది నోటిఫికేషన్‌లో అడిగిన సబ్జెక్టుకు సరిపోతుందా లేదా అనే టెన్షన్ ఇంటర్వ్యూ గది దాకా వదలదు.

ప్రణాళిక వైపు మొగ్గితే విజయవాడ ఐటీఐ రోడ్డులోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. 2008లో మొదలైంది, 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి అక్కడ చదువుతుంటే, గుంటూరు డిగ్రీ కాలేజీల్లో చదివే మన పిల్లల్లో చాలామందికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి.

2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు పొంగి, తెల్లారేసరికి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత వరద ఎప్పుడూ లేదు. టీవీలన్నీ కృష్ణ వైపు చూశాయి. నది ఒడ్డునున్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. ఊరిని ముంచింది మాత్రం మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ బుడమేరే. వెలగలేరు రెగ్యులేటరు నుంచి దాని నీళ్లను కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి. 2005లోనూ ఈ ఏరే ముంచింది. బెజవాడ దుఃఖదాయని అని పేరు పెట్టుకున్నంత శ్రద్ధ దాని ఒడ్డున పెరుగుతున్న కాలనీల మీద పెట్టలేదు.

నీళ్లు తీసి, జనం బురద కడుక్కుని మళ్లీ పొయ్యిలు వెలిగించుకున్నాక, మా విద్యార్థులను తీసుకుని పాయకాపురం వైపు ఒక వీధికి వెళ్లాను. మా చేతిలో ఉపగ్రహ డేటా నుంచి తీసిన ఎత్తుపల్లాల మ్యాపు ఉంది. ఆ డేటాలో ఒక్కో గడి ముప్పై మీటర్లు. అక్కడ ముప్పై మీటర్లలో నాలుగైదు ఇళ్లు, ఒక సైడు కాలువ, ఒక కిరాణా కొట్టు పడతాయి. వాటన్నిటికీ కలిపి మ్యాపు ఒకటే ఎత్తు చూపిస్తుంది. దాని ప్రకారం వీధిలో తూర్పు చివర పల్లం. మా విద్యార్థిని ఒకతె అక్కడి నుంచే ప్రశ్నావళి మొదలుపెట్టింది.

టిఫిన్ బండి నడిపే ఒకావిడ, డ్వాక్రా సంఘంలో లీడరు కూడా, ప్లేట్లు కడుగుతూనే అంతా వింటోంది. "అమ్మాయ్, పల్లం అటు కాదు. నీళ్లు ముందు వీధి మధ్యలో ఉన్న మా ఇళ్లలోకే వచ్చినయ్" అంది.

"కానీ ఆంటీ, మ్యాపులో ఇక్కడ ఎత్తుగా ఉంది."

"ఎత్తుగా ఉంది రోడ్డమ్మా, ఇల్లు కాదు. నేను కాపురానికి వచ్చినప్పుడు మా ఇంట్లోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. ఇప్పుడు రెండు మెట్లు దిగుతున్నాం. ఇల్లు అదే, గడప అదే. రోడ్డే పెరిగింది."

ఆవిడ అక్కడితో ఆగలేదు. పక్కింటివైపు తిరిగి "వదినా, ముగ్గు డబ్బా ఇటు పట్టుకురా" అని కేకేసింది. సిమెంటు రోడ్డు ఊడ్చి దాని మీదే వీధి గీసింది. సైడు కాలువ ఎక్కడ పూడిందో, కల్వర్టు ఎక్కడుందో, పడవ ఎక్కడిదాకా రాగలిగిందో, ఎవరి డాబా మీదికి ఎవరెవరు ఎక్కారో అన్నీ పెట్టింది. మంచం దిగలేని పెద్దవాళ్లున్న ఇళ్లకు చింతగింజలు. ఒక పెద్దాయన వచ్చి, నీళ్లు కల్వర్టు వైపు నుంచి రాలేదని, డ్రైనేజీ ఎదురుతన్ని ఇళ్లలో బాత్రూముల్లోంచి పైకి వచ్చాయని వాదనకు దిగాడు. మరొకామె ఆయనదే నిజమంది, తన ఇంట్లో గుమ్మం పొడిగా ఉండగానే దొడ్లో నీళ్లు లేచాయట. వాళ్లు వాదించుకుంటుంటే మా పిల్లలు రాసుకోవడం కూడా మరిచిపోయి నిలబడిపోయారు. ఒక మేస్త్రీ ఇంట్లోకి వెళ్లి, వాళ్లు మట్టం చూసుకునే నీళ్ల ట్యూబు తెచ్చాడు. దాంతో ఒక్కో గడపా రోడ్డుకు ఎంత కింద ఉందో కొలిచాం. వీధి మధ్యలో ఉన్న ఇళ్ల గచ్చు రోడ్డు కంటే బాగా కిందికి ఉంది. వీధి చివరల్లో నీళ్లు తగ్గాక కూడా ఆ ఇళ్లలో ఎందుకు నిలిచాయో అప్పుడు అర్థమైంది. రోడ్డే కట్టలా అడ్డుపడింది.

నేల మీద జనం చేత పటం గీయించే పద్ధతి కొత్తది కాదు. బ్రిటన్‌కు చెందిన అభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ దాన్ని 1990లలో ప్రపంచమంతా ప్రచారం చేశారు. మన దేశంలో స్వచ్ఛంద సంస్థలు పల్లెల్లో బాగా వాడాయి. పట్టణాల్లోకి వచ్చేసరికి ఎందుకో మనకు డ్రోన్లు, డ్యాష్‌బోర్డులు తప్ప మరేవీ ఆనవు.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న మాట ఒకటే. ప్రతి వార్డు సచివాలయంలో గడప మట్టాల రిజిస్టరు ఉండాలి. ఇంటి పన్నుకు ఇంటి కొలతలు రాసుకుంటున్నాం కదా, అక్కడే మరో గడి పెట్టి గడప రోడ్డుకు ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో రాస్తే సరిపోతుంది. కొత్త రోడ్డు వేసే ముందు ఆ రిజిస్టరు చూడాలి. పాత రోడ్డు తవ్వి, అదే మట్టానికి కొత్తది వేయాలి. ఇది చేయకుండా పట్టణ వరదల మీద ఎన్ని సెమినార్లు పెట్టినా వృథా అని నా నమ్మకం. ఈ మాటే ఒక ఆఫీసులో చెబితే, అక్కడి ఇంజినీరు గారు ఓపికగా విని, పాత రోడ్డు తవ్వి ఎత్తిపోయడానికి ఎస్టిమేటులో పద్దు పెట్టరని చెప్పారు. సిమెంటు పోసినదానికి క్యూబిక్ మీటర్ల లెక్కన బిల్లు వస్తుంది కాబట్టి పోస్తూనే ఉంటారు. ఆ పద్దు పెట్టకూడదని ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనుకున్నారన్నదే పబ్లిక్ పాలసీలో మంచి పీహెచ్‌డీ. మీకు కావాలంటే ఇప్పుడే తీసుకోండి.

ఇంకొకటి కూడా చెబుతాను. మన రాష్ట్రంలో 1997లో చట్టం చేసి సాగునీటి కాలువలకు రైతులతో నీటి సంఘాలు పెట్టారు. ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చూపించినందుకు అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మరి పొలం కాలువకు ఉన్న సంఘం వీధి మురుగు కాలువకు ఎందుకు లేదు? 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. విజయవాడ, గుంటూరు రెండూ ఆ లెక్కలోకి వస్తాయి. మీ వీధిలో పదిమందిని ఆపి, వార్డు కమిటీ సమావేశానికి ఎప్పుడైనా వెళ్లారా అని అడగండి. అదే సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో, అంటే మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో, మొదటి అంశం పట్టణ ప్రణాళిక. మన దగ్గర ఆ పని ఒకప్పుడు వీజీటీఎం ఉడా (విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) చేతిలో, ఆ తర్వాత సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చేతిలో. ఓటు వేసి గెలిపించిన కార్పొరేటరును మాస్టర్ ప్లాన్ గురించి అడిగితే ఆయనేం చెబుతాడు?

బయటి నుంచి వచ్చే పరిశోధకుల మీద నాకు కోపం లేదు గానీ, అందరికీ అమరావతే కావాలి. 2015 భూసమీకరణ, 33 వేల ఎకరాలు, రైతుల ఇంటర్వ్యూలు. అక్కడి తుళ్లూరులో అడిగినవాళ్లనే మళ్లీ మళ్లీ అడుగుతారు. పక్కనే గుంటూరులో 2018లో ఆనందపేట జనం కలుషితమైన తాగునీటితో అతిసారం వచ్చి చనిపోయారు. దాని మీద నాలాంటి వాళ్లం కొద్దిమందిమే కూర్చున్నాం. నేను పీహెచ్‌డీ అంశం మార్చుకుని తాగునీటి పైపులకూ మురుగు కాలువలకూ ఉన్న దూరం మీద పనిచేసింది ఆ తర్వాతే. ఆనందపేట మా అమ్మమ్మ వాళ్ల పేట, ఊరుకోలేకపోయాను.

ఈ వృత్తిలో నన్ను బాధపెట్టేది కూడా మీకు తెలియాలి. వీధిలో చేసిన పనికి మార్కుల్లేవు. ఎన్ని పేపర్లు, అవి వచ్చిన జర్నళ్లు ఏ జాబితాలో అని మాత్రమే అడుగుతారు. జాబితాలు కూడా నిలకడగా ఉండవు. యూజీసీ కేర్ జాబితా కోసం ఏళ్లపాటు పరిగెత్తించి, 2025లో దాన్ని ఎత్తేశారు. మా పాయకాపురం పని ఒక జర్నల్‌కు పంపిస్తే ఒక సమీక్షకుడు "ఒక్క వీధి కదా, దీన్నుంచి ఏం చెప్పగలరు" అని రాశాడు. ఒక్క వీధిని పూర్తిగా అర్థం చేసుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆయన చెప్పాలి. పైగా కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఎండాకాలం వస్తే లెక్చరర్లను అడ్మిషన్ల కోసం ఊళ్ల మీదికి తిప్పుతారు. ఇంటర్ పాసైన పిల్లల ఫోన్ నంబర్లు తెమ్మంటారు. ఫీల్డు పనికి అనువైన రోజులన్నీ అలా పోతాయి. చేరేముందే ఈ విషయం అడిగి తేల్చుకోండి, మొహమాటపడొద్దు.

సివిల్స్ సంగతి. రాస్తే రాయండి, కానీ పీహెచ్‌డీ పక్కన పెట్టుకుని ఊరికే ఒక ప్రయత్నం అని మాత్రం వద్దు, రెండూ చెడతాయి. పరిశోధన చేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కలెక్టరు గారికి రెండేళ్లలో బదిలీ అవుతుంది. మీరు ఆ వీధినే ఇరవై ఏళ్లు చూడొచ్చు. ఇంట్లో ఇదే మాట చెప్పి చూడండి.

గుంటూరులో మీది ఏ పేటో రాయలేదు. ఏదైనా సరే, 2019 నుంచి మీకూ ఒక వార్డు సచివాలయం ఉంది. అందులో ప్లానింగ్ కార్యదర్శి, వసతులు చూసే ఎమెనిటీస్ కార్యదర్శి ఉంటారు. ఈ సెలవుల్లో వాళ్లను కలవండి. సాయంత్రం పూట వెళ్తే కాస్త తీరిగ్గా మాట్లాడతారు. మీ వీధిలో రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారో, ఎంత మందం పోశారో అడిగి రాసుకోండి. తర్వాత తెలిసిన మేస్త్రీ దగ్గర నీళ్ల ట్యూబు అడిగి మీ వీధి గడపలన్నీ కొలవండి. ట్యూబులో గాలి బుడగ లేకుండా చూసుకోండి, లేకపోతే మట్టం తప్పు చూపిస్తుంది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో పరిశోధన ప్రతిపాదన అడిగినప్పుడు ఆ కాగితాలు ముందు పెట్టండి. గైడు కోసం నాగార్జున యూనివర్సిటీలో, ప్లానింగ్ స్కూల్లో ఇద్దరు ముగ్గురినైనా నేరుగా కలిసి, వాళ్లు ఆఖరుసారి ఏ వీధిలో పనిచేశారో అడిగాకే నిర్ణయించుకోండి.